ఆ ఒక్క పేజీ రెండుసార్లు రాశాను

మొన్న ఆసుపత్రి కాగితాలు జిరాక్సు తీయించుకుందామని గుంటూరులో ఒక కొట్టుకు వెళితే, గాజుతలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక ప్రకటన అంటించి ఉంది: యూనివర్సిటీ అప్లికేషన్లకు వ్యాసాలు రాసి ఇవ్వబడును. నా ముందు నిలబడ్డ అమ్మాయిని ఆ కొట్టతను పేరూ, మార్కులూ, ఏ కోర్సో అడిగి, కంప్యూటరు మీద నాలుగు మీటలు నొక్కేసరికి, ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ దేనిమీద ఎంత ఆసక్తి ఉందో చెప్పే పేజీ ఒకటి వేడివేడిగా బయటికి వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని చదవనైనా చదవకుండా మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. నా ఈడు వాళ్లకు తెలిసిందే, మనకు కోపం వచ్చినంత తొందరగా పోదు. ఇంటికి వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగినా తగ్గలేదు. కాసేపు కూర్చున్నాక తెలిసింది, అందులో సగం కోపం నా మీదేనని. పాతికేళ్ల కిందట నేనూ అలాంటి పేజీ ఒకటి రాశాను. కాకపోతే ఎవరిచేతా రాయించలేదు, నా చేత్తో నేనే రాసుకున్నాను.

అప్పటికి నాకు యాభై దాటాయి. గుంటూరు మిరప యార్డులో ఒక కమీషను కొట్లో కాయ చూడటం నా పని. రైతు తెచ్చిన బస్తాలోంచి కాయ తీసి, విరిచి, తేమ ఎంతుందో, రంగు నిలుస్తుందో లేదో, తెల్లబడిపోయిన తాలుకాయ ఎంత కలిసిందో చెప్పాలి. ఆ పనికి బడిచదువు అక్కర్లేదు, నాకు లేదు కూడా. అయిదో తరగతిలో ఉండగా, మిరపకోతల రోజుల్లో కూలీలు దొరక్క మా నాన్న నన్ను పదిరోజులని చెప్పి చేలోకి తీసుకుపోయాడు. ఆ పదిరోజులూ ఇప్పటికీ పూర్తి కాలేదు. నా చదువంతా పొట్లం కాగితాల మీదా, ఆ తరవాత ఊళ్లో శాఖా గ్రంథాలయం అరుగు మీదా సాగింది. అరుగు మీద ఎందుకంటే, సాయంత్రం యార్డు నుంచి అలాగే వచ్చేవాణ్ణి కాబట్టి లోపల కూర్చుంటే నా చొక్కాకు పట్టిన మిరపఘాటుకు మిగతావాళ్లు తుమ్మేవారు. గ్రంథాలయం ఆయన మంచివాడు, పుస్తకం తెచ్చి బయటే ఇచ్చేవాడు, వానొస్తే మాత్రం వెనక్కి తీసుకునేవాడు. అలా చదివీ చదివీ, నలభై దాటాక దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాను. అక్కడితో ఆగితే బాగుండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నాకు చరిత్రలో ఎమ్మే చదవాలని ఉండేది. దూరవిద్యలో కాదు, నలుగురిలో బల్లమీద కూర్చుని, అయ్యవారు చెబుతుంటే వినాలని. ఆ కోరిక ఎక్కడ పుట్టిందో తరవాత చెబుతాను. మా ఆవిడ ఆ ఒక్క ఏడాది ప్రయత్నించడానికే ఒప్పుకుంది. సీటు రాకపోతే ఇంట్లో పుస్తకాలన్నీ అటకెక్కాలి, మళ్లీ ఆ ఊసెత్తకూడదు, అదీ షరతు. ఆవిడ మాటంటే మాటే. నేను దరఖాస్తు పెట్టిన విశ్వవిద్యాలయం పేరు ఇప్పుడెందుకు లెండి. ఆ దరఖాస్తు చివర ఒక పేజీ ఖాళీగా వదిలి, పైన ఒక్క వాక్యం అచ్చువేశారు: మీ చదువు ఎలా సాగింది, ఈ విషయంలో మీరు ఏం తెలుసుకోదలచారు?

ఆ ప్రశ్న చూసి నాకు చెమటలు పట్టాయి. నాలుగు రోజులు కొట్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక అదే పని. నాలుగు పంక్తులు రాయడం, కొట్టేయడం. అయిదో తరగతి అని రాయడానికి చెయ్యి ఆడేది కాదు. మా బావమరిది కూడా యార్డులోనే పనిచేసేవాడు, నా అవస్థ చూసి పక్కన చతికిలబడ్డాడు.

"ఏంది బావా, బడికి పోలేదని సీటిమ్మని అడుగుతావా? మచ్చు చూపించేటప్పుడు తాలుకాయ పైన పెడతారా ఎవరన్నా? మంచిదంతా పైకి తీసి పెట్టు. అడుగున ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

ఇన్నేళ్లూ ఆ అడుగున చూడటమే నా ఉద్యోగం. అయినా ఆ మాట నాకు నచ్చింది. మనిషికి తన బస్తా దగ్గరికి వచ్చేసరికి కళ్లు కనపడవు. మాది పెద్ద రైతు కుటుంబమనీ, అనారోగ్యం వల్ల బడి మానవలసి వచ్చిందనీ, ప్రస్తుతం వ్యాపారంలో ఉన్నాననీ రాశాను. గ్రంథాలయం జాబితాలో బరువైన పేర్లున్న చరిత్ర పుస్తకాలు ఏడు ఏరి, అవన్నీ క్షుణ్ణంగా చదివానని రాశాను. వాటిలో రెండు నిజంగా చదివాను. ఒకటి సగం. దరఖాస్తు పంపాక మిగతావి ఎలాగైనా చదివేద్దామనుకున్నాను గానీ, సీజను మొదలై యార్డులో బస్తాల మధ్య దారే లేకుండా పోయింది.

ఎండాకాలం చివర ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ రోజు తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చంకన అట్ట ఫైలుతో వెళ్లాను. ఆ ఫైలు ఏడాదిగా కొట్లో, గోతాం పరిచిన నా కుర్చీ పక్క అలమరలో ఉండేది. మనం ఆ ఘాటులోనే బతుకుతాం కాబట్టి, అది కాగితాలకూ పట్టిందని మనకు తెలియదు. లోపల ముగ్గురు ఆచార్యులు కూర్చున్నారు. నడిమి కుర్చీలో నలభై అయిదేళ్ల ఆవిడ, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్లు. ఆవిడ ఫైలు తెరిచి కాగితాలు రెండు తిప్పేసరికి కుడివైపు పెద్దాయన తుమ్మారు. తరవాత ఎడమవైపు ఆయన. తరవాత ఇద్దరూ కలిసి. బంట్రోతు కిటికీలు తెరవడానికి వచ్చి తనూ తుమ్మాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆవిడ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లతో నవ్వుతూ అడిగారు.

"యార్డులో చేస్తారాండీ మీరు?"

"వ్యాపారమండి."

"గద్దె మీద కూర్చునే షావుకారా, బస్తాల దగ్గరా?"

ఆవిడకు ఆ పనులు తెలుసని అర్థమైంది. బస్తాల దగ్గరేనండి, కాయ చూస్తాను అన్నాను. ఆవిడది కందుకూరు వైపట, వాళ్ల నాన్నగారు పొగాకు ఆకు రకాలు ఏరేవారట. కాయ ఎలా చూస్తారో చెప్పమన్నారు. ఆ విషయం అడిగితే నాకు భయం ఉండదు. మూతి దగ్గర కాయ చూసి మోసపోయేవాడు ఆ పనికి పనికిరాడనీ, బస్తా నడుములో చెయ్యిపెట్టి గుప్పెడు లాగాలనీ, అప్పుడే రైతు మొహంలోకి కూడా చూడాలనీ ధీమాగా చెప్పుకొచ్చాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. తరవాత నా పేజీ ముందుకు లాక్కుని, పుస్తకాల జాబితాలో నాలుగోదాని మీద వేలు పెట్టి, ఇందులో మీకు నచ్చింది ఏమిటండీ అని మెల్లిగా అడిగి, నా మొహంలోకి చూశారు.

"చదవలేదండి" అన్నాను.

"అయితే ఇంకేముంది" అని పెద్దాయన ఫైలు మూయబోయారు. అంతటితో ఆగకుండా, ఈ వయసులో ఎమ్మే ఎందుకండీ, ఉద్యోగం వస్తుందా అన్నారు. అవమానంలో ఉన్నవాడికి కోపం తొందరగా వస్తుంది. ఉద్యోగం నాకుందండీ, తెలియనివే చాలా ఉన్నాయి అని పెడసరంగానే అన్నాను. అని, లేవబోయాను. అటక కళ్ల ముందు కనపడింది.

ఆవిడ ఒక తెల్లకాగితం నా చేతిలో పెట్టారు. "వరండాలో బల్ల ఉందండి. ఇంకో ఇద్దర్ని పిలుస్తాం. ఈలోగా మళ్లీ రాసుకురండి."

ఆ వరండాలో నాలుగు రోజుల పని అరగంటలో అయిపోయింది. అయిదో తరగతీ, పదిరోజుల కోతలూ, పొట్లాలూ, అరుగూ అన్నీ రాశాను. ఆ తరవాత అసలు సంగతి రాశాను. పదేళ్లప్పుడు మా నాన్నతో అమరావతి వెళ్లి, కృష్ణలో మునిగి, గుళ్లో దణ్ణం పెట్టుకుని వస్తూ, ఆ పాత స్తూపం రాళ్లను పెట్టిన చోటికి వెళ్లాం. తెల్లరాతి మీద చెక్కిన ఆడవాళ్ల నడుములకు ఒంటికి అంటుకున్నంత పల్చటి బట్ట, దాని మడతలు. మా చుట్టూ ఉన్నది పత్తి నేల. ఆ పత్తి ఎవరు పండించారు, ఎవరు వడికారు అని అడిగితే, రాళ్లతో నీకేం పనిరా, పద బస్సెళ్లిపోద్ది అన్నాడు మా నాన్న. పెద్దయ్యాక ఒక పుస్తకంలో మిరప మన పంట కాదనీ, ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిందనీ చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మరి అది రాకముందు ఈ నేలమీద మావాళ్లు ఏం పండించారు, పచ్చడి దేనితో నూరుకున్నారు? రాజుల సంగతి పుస్తకాల్లో ఉంది, ఆ కూలి మనిషి సంగతి లేదు, అది వెతకడం నేర్పిస్తారేమోనని వచ్చాను అని రాసి సంతకం పెట్టాను. ముప్పాతిక పేజీకి మించలేదు.

ఆవిడ చదివి పెద్దాయనకు ఇచ్చారు. ఆయన చదువుతూ మధ్యలో ఒకసారి తుమ్మారంతే.

మూడు వారాల తరవాత గోడకు అంటించిన జాబితాలో, ఆశ లేక కింది నుంచి పైకి వెతికాను. కింది నుంచి మూడో పేరు నాది. అక్కడి నుంచే ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ, సర్లే, వచ్చేప్పుడు కూరగాయలు తీసుకురా అంది. మా షావుకారు అయితే గద్దె మీది నుంచి లేవకుండానే, "పోవోయ్, పో. నువ్వు ఎమ్మే అయ్యొచ్చి చూస్తే నా కాయకు రంగు పెరుగుద్దేమో చూద్దాం" అన్నాడు. అన్నాడే గానీ, రెండేళ్లూ క్లాసులున్న రోజుల్లో నా పని మా బావమరిదికి అప్పగించాడు.

ఆ రెండేళ్లు నా కొడుకు ఈడు పిల్లల మధ్య కూర్చుని చదువుకున్నాను. వాళ్లు నన్ను బాబాయ్ అనేవారు, నోట్సు నా దగ్గరే రాసుకునేవారు. వెతకడం నేర్చుకున్నాను, పత్తి సంగతి కొంత తెలిసింది, పచ్చడి సంగతి ఇంకా పూర్తిగా తెలియలేదు, వెతుకుతూనే ఉన్నాను. ఆ ఆచార్యురాలు తరవాత రిటైరై ఎటు వెళ్లారో తెలియదు. యార్డు మారింది, దాని చుట్టూ కోల్డు స్టోరేజీలు లేచాయి. దరఖాస్తులు ఫోనులోకి వచ్చేశాయి; ఎండలో నిలబడక్కర్లేదు, అది మంచిదే, నేను కాదనను. కానీ ఇంత బతుకులో నన్ను అందరూ ఊరడిగారు, కులమడిగారు, వయసడిగారు, నీకేం తెలుసని అడిగారు. ఏం తెలుసుకోవాలనుంది అని అడిగింది ఆ ఒక్క కాగితమే. ఆ ప్రశ్న ఇప్పటి దరఖాస్తుల్లోనూ ఉంటుందట. అది ఎదురయ్యాక నాలుగు రోజులు చెమట పట్టి కూర్చునే భాగ్యమే, పాపం, ఈ పిల్లలకు ఎవరూ మిగల్చడం లేదు.