దిగులంటే భయమని తెలియని డాక్టరు

మా చిన్నమ్మకు ఏమీ లేదని తేల్చింది ఒక ఫోటో. తల లోపలి భాగానికి తీసిన ఫోటో. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె మా అమ్మ చెల్లెలు. బెంగళూరు పాతపేటలో ఒక మరమగ్గాల షెడ్డులో పనిచేసేది. తొంభైల చివర్లో ఆ షెడ్డులో వైర్లు కాలి మంటలు లేచాయి. పక్క మగ్గం మీది స్నేహితురాలు ఆమె కళ్ళముందే కాలిపోయింది. చిన్నమ్మకు బొబ్బ కూడా రాలేదని అందరూ అదృష్టమన్నారు. ఆ తర్వాత వీధిలో మగ్గం మోత వినబడితే చాలు, చేతిలో గిన్నె వదిలేసి మూలకు ఒదిగిపోయేది. షెడ్డుకు పోవడం మానేసింది. ఏళ్ళు గడిచినా తగ్గలేదు. చిన్నాయన మాత్రం "పని సేసేకి బద్దకం, అంతే" అనేవాడు.

అప్పటికి నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగంలో చేరాను. ఒక ఆస్పత్రిలో, ఘోరాలు చూసి బతికినవాళ్ళ మెదడును ఎమ్మారైలో ఫోటో తీసి పరిశోధిస్తున్నారని ఆఫీసు బస్సులో విన్నాను. భయం మెదడులో ఎక్కడ ఉంటుందో కనబడుతుందట. నాకంటే చిన్నమ్మే ఎక్కువ ఆశపడింది.

"ఫోటోలో పడితే మీ చిన్నాయన నమ్ముతాడు గదమ్మా" అంది.

ఆమెకు కావలసింది అంతే. తాను నటించడం లేదని కట్టుకున్నవాడు నమ్మాలి.

ప్రశ్నలడిగిన డాక్టరు కోస్తా ఆయన. తెలుగు మనిషే దొరికాడని సంబరపడ్డాం. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత ఆమె చేత తాళి, మెట్టెలు తీయించారు. మెడలో ఉత్త పసుపుతాడు కట్టుకుని ఆ గొట్టంలో పడుకుంది. ఆ మెషీను మోత అచ్చం మరమగ్గమే, తలుపు వేసినా వరండాలోకి వినబడింది. అయిపోయాక, అస్సలు కదలకుండా చక్కగా పడుకుందని టెక్నీషియన్ మెచ్చుకున్నాడు. పడుకోవడమా, కొయ్యబారిపోయింది. బిగుసుకున్న ఆమె వేళ్ళు విప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. భయంతో బిగుసుకుపోయిన మనిషికి బుద్ధిమంతురాలని మార్కులేసే చదువు ఏం చదువు?

రిపోర్టులో నార్మల్ అని వచ్చింది. చిన్నాయనకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మాట మాత్రం వచ్చు.

నేను ఊరుకోలేదు. చిన్నాయననూ వెంటబెట్టుకుని ముగ్గురం మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నిదానంగా, ఆమె ఫోటోను పరిశోధనలోంచి తీసేశామన్నాడు. "ఆమెది భయం కాదండీ, డిప్రెషన్. తనే చెప్పారు, పొద్దస్తమానం దిగులేనని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోస్తావాళ్ళకు దిగులంటే విచారం. మా బెంగళూరు తెలుగులో దిగులంటే భయం. పిల్లోడు కుక్కను చూసి దిగులు పడినాడంటాం. కన్నడంలోనూ దిగిలంటే భయమే, వీధిలో ఏ కన్నడం మనిషిని అడిగినా చెబుతాడు. ఆ సంగతే ఆయనకు అరిచినంత పని చేసి చెప్పాను. అంత ఖరీదు మెషీను తెచ్చి పెట్టుకున్నవాళ్ళకు, "అంటే ఏమిటమ్మా?" అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు. తెలుగువాడు కదా, తనకు తెలియని తెలుగు ఉండదనుకున్నాడు.

ఆయనకు సిగ్గేయలేదు సరికదా, హుషారొచ్చింది. "ఇంటరెస్టింగ్. అయితే మళ్ళీ స్కాన్ చేద్దాం" అన్నాడు.

"ఈసారి ఫోటోలో నా దిగులు కనపడతాదా సామీ?" అని అడిగింది చిన్నమ్మ.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఒక్క మనిషి ఫోటో చూసి ఏదీ తేల్చలేమన్నాడు. చాలామందివి కలిపి చూస్తేనే తేడా తెలుస్తుందట. నార్మల్ అంటే లోపల గడ్డా గాయం లేదని మాత్రమేనట. ఈ ముక్క మొదటిరోజే చెబితే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

"అట్లయితే నన్నెందుకు దాంట్లో పండబెట్టినారప్పా?" అంది చిన్నమ్మ. గొంతు కూడా పెంచలేదు.

డాక్టరు నోరు తెరిచేలోపే చిన్నాయన లేచాడు. "నార్మలే గదా సార్?"

"స్కాన్ వరకైతే నార్మలే."

చిన్నాయనకు ఆ మాట చాలు. వరండాలో కాయిన్ బాక్సు ఫోను దగ్గరికి వెళ్ళి షెడ్డు ఓనరుతో మాట్లాడాడు. "సోమవారం నుంచి వస్తాదన్నా. దానికేమీ లేదంట, పెద్ద డాక్టర్లే సెప్పినారు."

సోమవారం పొద్దున చిన్నమ్మ మగ్గం దగ్గరికి వెళ్ళింది.