తెర మూలన ‘తిన్నారా?’

మా మామయ్యని వీధంతా నల్లమామయ్య అంటారు. మనిషేమో పాలమీగడలా ఉంటాడు. మానిటర్లు బాగుచేస్తాడు. షాపుకి ఎవరొచ్చినా నలుపు గురించి క్లాసు పీకుతాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

"మామూలు తెర వెనకాల లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందమ్మా. ఎంత కప్పినా సందుల్లోంచి వెలుగు కారుతుంది. ఈ ఓఎల్ఈడీ తెరకి వెనక లైటే లేదు. ఏ చుక్కకా చుక్క సొంతంగా వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆరిపోతుంది, అంతే."

"అయితే మంచిదేగా?"

"మంచిదే. కానీ వెలిగినకొద్దీ అరుగుతుంది. ఒకే బొమ్మ ఏళ్ల తరబడి ఉంచితే మచ్చ పడుతుంది. వాడాక ప్లగ్గు మాత్రం పీకొద్దు. ఆపి ఉంచినప్పుడు అరిగినవాటిని అదే సరిచేసుకుంటుంది, మచ్చా పోతుంది."

ఇంట్లో అత్తయ్య అలాంటి తెర మీదే బట్టల డిజైన్లు గీసేది. దాని మూలన తెల్లటి అక్షరాలతో ‘తిన్నారా?’ అని రాసి ఉంచింది. స్క్రూడ్రైవరు చేతపడితే మామయ్యకి ఆకలి గుర్తుండదు మరి.

"తీసెయ్యవే, మచ్చ పడుతుంది!"

"మీరు టైముకి తినండి, తీసేస్తా."

మూడేళ్లు ఆయనా తినలేదు, ఆవిడా తీయలేదు.

పోయినేడు అత్తయ్య కామెర్లతో పోయింది. అప్పట్నుంచి మామయ్య మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొస్తాడు. తెర నిండా బూడిద రంగు పెట్టి, కంచంతో ఎదురుగా కూర్చుంటాడు. మూలన లీలగా, నీడలా ఆ అక్షరాలు కనిపిస్తాయి. తింటాడు. లేచి ప్లగ్గు పీకేస్తాడు.

ఇదంతా అప్పటికి నాకు తెలియదు. ఒకరోజు వాళ్లింటికెళ్తే ప్లగ్గు పీకి ఉంది. ఊరందరికీ క్లాసు పీకే పెద్దమనిషి సొంతింట్లో ఇలానా అని నవ్వుకుని, బుద్ధిగా పెట్టొచ్చాను. తెర కింద చిన్న లైటు మిణుకుమిణుకుమంటూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి మామయ్య కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తెరంతా శుభ్రంగా బూడిద రంగు.

"ప్లగ్గెవరు పెట్టారురా?"

"నేనే మామయ్యా. పీకొద్దని నువ్వే కదా..."

"ఆఁ. నేనే చెప్పాను." మూలన వేలితో తడిమాడు. "మీ అత్త మచ్చ ఉండేది ఇక్కడ. రాత్రి తెరే చెరిపేసుకుంది. బాగానే పనిచేసింది."

"మళ్లీ రాసి పెడదాం మామయ్యా, పడుతుంది" అన్నాను.

"అప్పుడది నువ్వు అడిగినట్టవుతుందిరా."

కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడాయన ప్లగ్గు పీకడం లేదు. రోజూ మధ్యాహ్నం నేను ఫోన్ చేసి, తిన్నావా అని అడుగుతాను. "తిన్నాన్రా" అంటాడు. వెనకనుంచి స్క్రూలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.