మగ్గం గుంట మీద ఎర్ర గచ్చు

1959 మే 14, గురువారం, పొద్దున ఎనిమిదిన్నర. మా ఇల్లు బాగుపడటం అప్పుడు మొదలైంది. బాగుపడటమన్న మాట మా ఆయనది. తేదీ నాది.

ముందురోజు కాగజ్‌నగర్‌లో దోస్తు క్వార్టర్ చూసి వచ్చాడు. ఆ పొద్దున గడపలో నిలబడి మా ముందరి అర్రను ఎవరిదో ఇల్లు చూసినట్టు చూశాడు. అక్కడ మామ గుంటలో కాళ్లు దించి మగ్గం నేస్తున్నాడు. నేను పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాను.

"గిది ఇల్లా, కార్ఖానానా?"

"గీ కార్ఖానా కూడే తిని పెరిగినవ్ రా," అన్నాడు మామ, పోగుల నడుమ నాడె ఆడించడం ఆపకుండా.

మా ఆయనకు కచ్చేరిలో గుమాస్తా కొలువు దొరికి నాలుగు నెలలైంది. పెద్ద సారును చాయకు పిలవాలి. సారు కళ్లకు ఇల్లు నిగనిగలాడాలి. ఖర్చు అరవై రూపాయలు దాటకూడదు. ఎర్ర సిమెంటు గచ్చు, నీలం కలిపిన సున్నం, కిటికీకి తెర. తెరకు బజారు నుంచి నాలుగు గజాల పూల మిల్లు గుడ్డ తెచ్చాడు. నేతోళ్ల ఇంట్లోకి మిల్లు గుడ్డ! మామ దాన్ని వేళ్లతో నలిపి చూసి నా ఒళ్లో పడేశాడు.

గచ్చు వేయాలంటే గుంట పూడ్చాలి.

"మగ్గం ఏడ పెడ్తవ్ రా?"

"ఎనుక కొట్టం లేదా బాపూ? గాడ తవ్వుదం. గాలి గూడ మంచిగొస్తది."

"గాలి తాకితే పడుగు ఉంటదా? పోగులు పటపట తెగుతయ్. కచ్చేరి రాతలు నేర్చి గీ ముచ్చట మరిచినవ్."

మందపు మట్టిగోడల నడుమ గుంటలోని చల్లదనమే మగ్గానికి నిలువునా కట్టిన పడుగు నూలు ఎండకుండా కాచేది. మా గల్లీలో ఐదేళ్ల పిల్లకూ తెలిసిన సంగతి. తెలిసీ నేను నోరు మెదపలేదు. రోజూ పేడతో అలికే చేతులు నావి. ఎర్ర గచ్చు మీద నాకూ ఆశ ఉండింది. మే 20న గుంటలో పెంకు ముక్కలు పోశారు. ముప్పై ఒక్క తట్టలు. అందించింది నేనే.

గచ్చు ఆరాక కొబ్బరినూనెతో రుద్దాను. ముఖం కనిపించేది. వెనక కొట్టంలో మాత్రం మగ్గం కోసం తవ్వితే మోకాలి లోతుకే బండ తగిలింది. మామ అందులోనే కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. జానెడు నేసేలోపు పది పోగులు తెగేవి.

జూన్ 7, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి సారు వచ్చాడు. మగ్గమున్న అర్రలోకి ఎవరూ చెప్పులతో రారు; నూలు షావుకారు కూడా గడప బయటే విడిచేవాడు. ఇప్పుడు అర్రలో మగ్గం లేదు. సారు బూట్లతో నడిచి వచ్చి, సరిగ్గా గుంట ఉన్నచోట వేసిన కుర్చీలో కూర్చున్నాడు.

"గచ్చు మంచిగున్నదయ్యా," అన్నాడు. పది నిమిషాల్లో లేచి పోయాడు.

"సారు మెచ్చిండు, ఇన్నవా బాపూ?" మా ఆయన ముఖం గచ్చుకంటే ఎక్కువ మెరిసింది.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ మామ ఆ బూటు మరకలనే చూస్తున్నాడు. నావైపు తిరిగాడు.

"కొట్టంల మగ్గం గూడ ఇప్పెయ్ బిడ్డా. గా జాగల కాళ్లు పెట్టెటోళ్లు వేరే వచ్చిండ్రు."

రెండో వానాకాలానికి గచ్చు గుంట ఉన్నంత మేరా కుంగి పగిలింది. సారు మళ్లీ రాలేదు.

పోయినవి రాస్తున్నాను. మామ తాత తవ్విన గుంట, ఒకటి. మగ్గం, ఒకటి, దాని కట్టెతో, సారు మళ్లీ వస్తాడని, మా ఆయన బల్ల చేయించాడు. సగంలో కోసేసిన పడుగు, రెండు చీరలది. నా రాట్నం, ఒకటి. అరవై అనుకున్నచోట తొంభై నాలుగు రూపాయలు. మామ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. నేసింది ఒక్క గజం లేదు.