తార్నాకలో ఆకుల మూటలు

మా అక్క కూతురు లావణ్య తార్నాక పక్కన యూనివర్సిటీలో చదువుతోంది. పోయిన సెమినార్‌లో మధ్యలో మాట ఆగిపోయి, పూర్తి చేయకుండానే వేదిక దిగిందట. అప్పటినుంచి చదువు మానేసి ఇంటికొస్తానంటోంది. క్యాంపస్‌లో ప్రదర్శన ఉంది, అక్కడ మళ్లీ మాట్లాడాలి. ఈసారీ ఆగిపోతే వెంట తీసుకొచ్చెయ్యమని అక్క నన్ను పంపింది. బావ ఖతర్‌లో బిల్డింగుల పని చేస్తాడు కాబట్టి నేనే బయలుదేరాను.

కామారెడ్డిలో చీకటుండగానే కాచిగూడ రైలెక్కి, ముందే మల్కాజ్‌గిరిలో దిగాను. తార్నాకకు అక్కడినుంచే దగ్గర. షేర్ ఆటోకు ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఇంత పొద్దున యూనివర్సిటీలో ఏం పని అని డ్రైవర్ అడిగితే, మేనకోడలి ప్రసంగం వినడానికని చెప్పాను.

"మంచిగ నిద్ర పడతది కాకా, గాడ చెట్ల కింద," అన్నాడు.

గేటు దాటగానే రోడ్డు చప్పుడు వెనకబడింది. చలికాలం చివర, మంచు ఇంకా విడవలేదు. ముందు నడిచేవాళ్లకు కాళ్లు లేనట్టు, తేలిపోతున్నట్టు కనిపించారు. ఆకులు రాలుతున్నాయి. కొంత దూరం పోయాక చెట్ల కొమ్మలకు గోనె మూటలు వేలాడుతున్నాయి. ఒక్కో మూట గాలికి మెల్లగా అటు తిరిగి, మళ్లీ ఇటు తిరుగుతోంది. పచ్చి గోనె వాసన, ఎండుటాకుల వాసన. కాసేపు ఎందుకొచ్చానో మరిచిపోయి వాటి మధ్య నడిచాను.

ఇదే ఆ ప్రదర్శన. ఒక్కో మూట ఒక్కో దేశం, పేరు రాసిన అట్ట కట్టి ఉంది. దేశమంతా ఏడాదిలో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, మా బడిలో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు, అక్కడి జనాభాతో భాగిస్తే మనిషికి ఎంత వస్తుందో ఆ కొలతన ఆకులు నింపారు. చైనా దేశం మొత్తంగా అందరికంటే ఎక్కువ వదులుతుంది, అయినా తలకు పంచితే అమెరికా మూటే పెద్దది. మనది చిన్నది, చేత్తో ఎత్తొచ్చు. అన్నిటికంటే పెద్దది ఖతర్‌ది. దాని కొమ్మ కిందికి వంగింది. లావణ్య దాని పక్కనే నిలబడి ఉంది. తిన్నావా అంటే తల ఊపింది.

జనం చేరాక మొదలుపెట్టింది. గొంతు చిన్నగా ఉన్నా మాట నడుస్తోంది. ఇంతలో ఒక పెద్ద సారు, అంటే ఖతర్‌లో ఉండే ఒక్కో మనిషి మనకంటే అన్ని రెట్లు పొగ వదులుతున్నట్టే కదా అని అడిగాడు. లావణ్య ఆగిపోయింది. నేను నేలకేసి చూశాను. పిల్ల సామాన్లు రైల్లో ఎట్లా పెట్టాలా అనే ఆలోచన కూడా వచ్చింది.

"మా బాపు గాడనే ఉంటడు సార్," అంది చివరికి. "గీ లెక్కల ఆయన తల గూడ ఉన్నది. ఆయన రూముల ఎనిమిది మంది పండుకుంటరు. భూమిలకెల్లి గ్యాస్ తీసుడుకు, ఊరంత చల్లగ ఉంచుడుకు అయ్యే పొగ, ఉన్న తలలన్నిటికి పంచిన్రు. గిది సగటు సార్. మా బాపుది గింత మూట గాదు."

తర్వాత మన చిన్న మూట మీద చెయ్యి వేసి, ఇందులోనూ అందరిదీ ఒకే కొలత కాదని చెప్పింది. ఏసీ కార్లో తిరిగేవాడినీ, కట్టెల పొయ్యి ఊదేదాన్నీ కలిపి భాగిస్తేనే ఇంత వచ్చిందంది. ఇంకెవరో అడిగారు, దానికీ చెప్పింది.

మధ్యాహ్నం తార్నాకలో ఇద్దరం దోసె తింటుంటే బావ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టింది.

"మల్ల ఆగిందా బిడ్డా?"

"ఆగింది బాపు. మల్ల వచ్చింది."

అటువైపు కాంక్రీటు మిక్సర్ తిరుగుతోంది. సరే పనుందని పెట్టేశాడు. లావణ్య ఇంకో దోసె చెప్పింది.

సాయంత్రం రైలుకు ఒక్కణ్ణే వచ్చాను. ప్రదర్శన అయ్యాక మూటలన్నీ విప్పి ఆకుల్ని చెట్ల మొదళ్లలోనే పోస్తారట. కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు మూసినా ఆ మూటలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ పెద్ద మూటలో బావ వాటా ఎంతో నాకు తెలియదు, ఎవరూ విడిగా తూచలేదు. ఇలాంటివి చూడ్డానికి క్యాంపస్‌కు వెళ్లేవాళ్లు ఎండ రాకముందే చేరుకోండి, తాగే నీళ్లు వెంట ఉంచుకోండి. గేటునుంచి లోపలికి చాలా నడవాలి.