వాగు గట్టున మొసలి

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కడప నుంచి కోయిలకుంట్లకు జువాలజీ లెక్చరర్‌గా బదిలీ చేశారు. పాఠాలతో పాటు ఇంకో పని కూడా అప్పగించారు. ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఊరి పొలిమేరలో కనిపించే చెట్టూ చేమా, పురుగూ పుట్రా, జంతువూ పక్షీ అన్నీ అందులోకి ఎక్కాలి. జంతువుల పేజీలో చివరి గడి ‘సహజ ఆవాసం’. అడవి, గడ్డినేల, నీరు, జనావాసం, ఈ నాలుగింటిలో ఒకటే రాయాలి. ఊరి కమిటీ వివరాలు చెబితే విషయ నిపుణుడు సరిచూసి సంతకం పెడతాడు. కుందూ నదికి దగ్గరలో ఉన్న ఒక ఊరికి ఆ నిపుణుణ్ని నేను.

మార్చిలో పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాం. కార్యదర్శి మహబూబ్ బాషా పేర్లు చదువుతున్నాడు. కోతి ఉండేది రేషన్ షాపు దగ్గర అన్నారు కమిటీవాళ్లు. నేను ‘అడవి’ అని రాయించాను. నెమలి బడి మిద్దె మీద ఉంటుందన్నారు. ‘గడ్డినేల’ అన్నాను. ఎలుగుబంటి ఒక్కటే పేచీ లేకుండా అహోబిలం కొండల ‘అడవి’కి చేరింది.

మొసలికి ‘నీరు’ అనగానే ఓబులమ్మ అడ్డం పడింది. ఆమె ఉపాధి పనికి వచ్చే నలభై మంది ఆడవాళ్లకు మేటు, అంటే ముఠా పెద్ద. చిన్నప్పటి నుంచి వాగు వెంట గొర్రెలు కాసిన మనిషి.

“వానాకాలమైతే నీళ్లలోనే సారూ. ఎండలకు వాగులో నీళ్లు యాడుంటాయి? గట్టులో బొక్క చేసుకొని పండుకుంటాది.”

నువ్వు చూసింది ఉడుము అయ్యుంటుందమ్మా అని ఉదాహరణలతో నచ్చజెప్పాను. ఆమె మొత్తం విని, చదువుకున్నోళ్లు మీరు, మీ ఇష్టం అంది. సంతకం పెట్టేశాను.

మే నెలలో ఆ వాగులోనే పూడిక తీసే పని వచ్చింది. ఓబులమ్మ ముఠా దిగనంది. పై అధికారులు రిజిస్టరు తిరగేసి, మొసలి ఆవాసం నీరు అని ఉంది, వాగు ఎండిపోయి ఉంది, కాబట్టి ప్రమాదం లేదని ధ్రువపత్రం ఇమ్మని నన్ను అడిగారు. కాగితం ఇచ్చి ఊరుకుని ఉంటే సరిపోయేది. దగ్గరుండి భయం పోగొడదామని నేనే బయలుదేరాను.

పొద్దున ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటోంది. నలభై మంది ఆడవాళ్లు పారలూ గంపలూ పట్టుకుని దూరంగా నిలబడ్డారు. బాషా రిజిస్టరు చంకన పెట్టుకుని వాళ్లకన్నా దూరంగా నిలబడ్డాడు. ఓబులమ్మ చూపించిన బొరియ గట్టు అడుగున, ఒక మనిషి పాక్కుంటూ దూరేంత ఉంది. నక్కలు ఇలాంటివి తవ్వుకుంటాయని వివరిస్తూ, లోతు కొలుద్దామని వెదురు కర్ర దూర్చాను. లోపల కర్రను ఎవరో పట్టుకున్నారు.

లాగాను. అటు నుంచీ లాగారు. తరువాత బుస వినిపించింది, ఆ వెనుక మూతి కనిపించింది.

నేను ఎలా ఎక్కానో తెలియదు గానీ, కాసేపటికి గట్టు మీది తుమ్మచెట్టు కొమ్మ మీద ఉన్నాను. చెప్పులు కింద ఉన్నాయి, ముళ్లు నాలో ఉన్నాయి. ఏడడుగుల మొసలి చెట్టు మొదట్లో నోరు తెరుచుకుని పడుకుంది. ఆడవాళ్లు ముందుకు రాబోతే ఓబులమ్మ చేత్తోనే ఆపింది.

“కదలాకండి. ఎండకు తాళలేక అదే పోతాది. సారూ, నువ్వూ ఊరికే ఉండు.”

ఊరికే ఉండటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. కొంతసేపటికి ఆమె బాషా చేతిలోని రిజిస్టరును చూసి, ఏమాత్రం నవ్వకుండా అడిగింది.

“ఏమప్పా బాషా, సారును ఏ గడిలో రాస్తావు? చెట్టు గడి లేదే అందులో.”

బాషా నిజంగానే పేజీ తిప్పి చూశాడు. అప్పుడు నలభై మందీ నవ్వారు. అరగంటకు మొసలి ఆమె చెప్పినట్టే బొరియలోకి వెనుదిరిగింది.

ఆ మధ్యాహ్నమే అటవీశాఖకు కబురు చేశాం. వానలు పడేదాకా ఆ వాగు జోలికి పోవద్దని వాళ్లు చెప్పడంతో, పూడిక పని ఊరి చెరువుకు మారింది. ముఠాకు ఒక్కరోజు పని కూడా పోలేదు. నేను ముళ్లు తీయించుకుని, రిజిస్టరులో పాత మాట కొట్టేసి రాశాను: ‘వానాకాలం నీరు, ఎండాకాలం గట్టులో బొరియ. సమాచారం: మేటు ఓబులమ్మ.’ నాలుగింటిలో ఒకటే రాయాలన్న నియమం ఉంది కాబట్టి, పైనుంచి వివరణ కోరుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు, చెట్టు సంగతితో సహా రాసి పంపాను. మరో మెమో రాలేదు.

జంతువు ఎక్కడ ఉంటుందని అడిగినవాడు ఏ నెలలో అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న లేకుండానే నేను ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పాను.