పడవకు తగ్గ బండి

మా ఇంట్లో పడవ ఉందంటే వరంగల్‌లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మార్కెట్లో పప్పులూ నూనెలూ అమ్ముకునే వాళ్లకు పడవెందుకని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ పడవ కొన్నది నేను, దాన్ని లాగే బండిని ఎంచిందీ నేనే. రెండో పని గురించే నాకు గర్వం ఎక్కువ, ఎందుకంటే దాని కోసం ఇంటిల్లిపాదితో పోట్లాడాను.

పడవ అవసరం మా అక్క వల్ల వచ్చింది. అక్క ఇల్లు హనుమకొండలో ఒక పల్లపు కాలనీలో ఉంది. ఒక ఏడాది పెద్ద వానకు ఆ కాలనీ మునిగింది. బావ కాజీపేటలో చిక్కుకుపోయాడు. మోకాళ్ల నొప్పులతో డాబా మెట్లు ఎక్కలేని అక్క వంటింటి గట్టు మీద ఒక్కతే కూర్చుంది. నేనూ తమ్ముడూ నీళ్ల అంచున నిలబడి, తాళ్లూ ట్యూబులూ పట్టుకుని, ముందుకు పోలేక సాయంత్రం దాకా మొత్తుకున్నాము. చివరికి సహాయం చేసేవాళ్ల పడవ వచ్చి ఆమెను ఒడ్డుకు చేర్చింది. చల్లబడిపోయిన ఆమె చేతులు పట్టుకున్నప్పుడు నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇంకోసారి ఎవరి పడవ కోసమూ ఎదురుచూడనని అక్కడే అనుకున్నాను.

ఇల్లు మారమంటే అక్క వినలేదు. "రెక్కలు ముక్కలు చేసుకొని కట్టుకున్న ఇల్లు. ఎప్పుడో నీళ్లొస్తయని ఇడిశిపెట్టి పోదునా?" అంది. అయితే పడవ కొనాల్సిందే అన్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఇంట్లో నన్నెప్పుడూ అంటుంటారు. ఈసారీ అన్నారు.

పాలంపేట దగ్గర మా మేనమామ ఊళ్లో ఒకాయన తన ఫైబర్ పడవను, దాన్ని మోసే రెండు చక్రాల ట్రాలీతో సహా అమ్ముతున్నాడని తెలిసింది. కొన్నాము. తేవడానికి బావ తన కొత్త కారుకు వెనక ట్రాలీని తగిలించే కొండీ పెట్టించాడు. బావ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆ కారును రోజూ పొద్దున పసిపిల్లాడికి పోసినట్టు స్నానం చేయిస్తాడు.

"బావా, నీ కారు గంత బరువు గుంజుతదా?" అని అడిగాను.

"ఓ మరదలా, నేను పుట్టెడు కప్లింగులు చూసిన. ఒక్క ఇంజను ఎన్ని డబ్బాలు గుంజుతదో నీకేం ఎరుక? ఫికర్ చెయ్యకు."

తాతకు దగ్గులు నేర్పడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మార్కెట్లో పుట్టిపెరిగిన మాకు ఖాళీ బండి కంటబడితే ప్రాణం ఒప్పదు. సరుకు వేసుకుని వెళ్లిన బండి సరుకుతోనే తిరిగి రావాలి. ఏమీ దొరక్కపోతే మా నాయన గడ్డిమోపైనా వేయించుకుని వచ్చేవాడు. అలాంటి ఇంటివాళ్లం, అంత పెద్ద పడవను ఖాళీగా ఎలా తెస్తాము? మేనమామ ఇంట్లో కొత్త బియ్యం ఉన్నాయి. బస్తాలు పడవలోకి ఎక్కాయి. వాటి వెంట గుమ్మడికాయలు, మా అత్త ఇచ్చిన పచ్చడి జాడీలు కూడా ఎక్కాయి. నేనూ దగ్గరుండి ఎక్కించాను.

"ముందల ఎయ్యకుండ్రి, నా కారు నడుము ఒంగుతది. అన్ని ఎనుకకే ఎయ్యిండ్రి," అన్నాడు బావ. అన్నీ వెనక్కే వేశారు.

చదును రోడ్డు మీద బాగానే వచ్చాము. మొదటి దిగుడు రాగానే పడవ పాము తోకలా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. బావ బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. కారు పడవను లాగడం పోయి, పడవే కారును నెడుతోంది. వెనక బరువు ఎక్కువై ట్రాలీ ముక్కు పైకి లేస్తోంది, దాంతో కారు వెనక చక్రాలు నేల మీద సరిగా ఆనడం లేదు. వెనక బరువెక్కువైతే ఎడ్ల బండి కాడి లేస్తుందని మా మార్కెట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలివి ఆ పూట మాలో ఒక్కరికీ లేకపోయింది.

బావ ఎలాగో పొలంలోకి తిప్పాడు. నాటు వేసిన బురద మమ్మల్ని పట్టి ఆపింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ జాడీలు పగిలి, మామిడి ఊట పడవంతా పారింది.

"బండి ఆగకపోతే ఏమయ్యేది బావా? అక్కకోసమని పడవ కొని, అక్క పుస్తెలే తెంపుదుమా?" అని అరిచాను. భయం వేస్తే నా నోరు ఇంకా పెరుగుతుంది. బావ కారుకు అంటిన బురద తుడవసాగాడు.

బస్తాలన్నీ వేరే బండిలో వేసి, మేనమామ ట్రాక్టరుతో పడవను మెల్లగా ఇంటికి చేర్చాము. మర్నాడు నేను పడవను మిర్చి లారీలు తూకం వేసే ధర్మకాంట మీదికి ఎక్కించాను. హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు. "అమ్మా, పడవ క్వింటాలుకు ఏం ధర పలుకుతాంది?" అని ఒకాయన పరాచికమాడాడు. నేను నవ్వలేదు. ముందు పడవనూ ట్రాలీనీ తూచాను, ఆ తర్వాత బావ కారును తూచాను. ఆ రోజు వేసిన బస్తాలు కలిపితే పడవే కారు కంటే బరువు తేలింది. పైన పటారం, లోన లొటారం అని మనసులో అనుకున్నాను. బయటికి కూడా అనేశాననుకుంటాను, ఎందుకంటే బావ నాతో వారం మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఇంట్లో రోజూ అదే చర్చ. మా దుకాణం ట్రాలీ ఆటో చాలని అమ్మ అంది. పడవ వెనకకు గుంజితే దాని ఒక్క ముందు చక్రం గాలిలో లేస్తుంది. ట్రాక్టరు మంచిదే, కానీ అది మేనమామ ఊళ్లో ఉంటుంది. వాన మొదలయ్యాక అక్కణ్ణుంచి రమ్మంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది. లాగడానికి అన్ని బండ్లూ లాగుతాయి. వాలులో, వెనక పడవ నెడుతుండగా ఆగేదేది? నీళ్లున్న రోడ్డులో నడిచేదేది? ఆ రెండూ చేయగల బండి అయితేనే అక్కను తేగలదు.

తమ్ముడి షెడ్డులో పాత జీపు ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం. మనిషి ఎక్కక చాలా ఏళ్లయింది, వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. దాన్నీ ధర్మకాంటకు లాక్కెళ్లి తూచాను. పడవకంటే ఎంతో బరువు. నేల నుంచి ఎత్తు కూడా బాగుంది. అదే కావాలన్నాను.

"తుక్కుకు అమ్ముదామనుకున్న అక్కా," అన్నాడు తమ్ముడు.

"నిన్ను అమ్ముత. ముందుగాల బ్రేకులు కొత్తయి ఏపియ్యి."

బ్రేకులు కొత్తవి వేయించాము. గట్టి కొండీ వెల్డింగు చేయించి, కొండీ ఊడినా పడవ విడిపోకుండా అడ్డంగా రెండు గొలుసులు కట్టించాము. ట్రాలీకి వెనక ఎర్ర దీపాలు పెట్టించాము. పడవను కొంచెం ముందుకు జరిపి, ముక్కు బరువు కొండీ మీద ఓ మోస్తరుగా ఆనేలా బిగించాము. ఒక చెరువు కట్ట వాలు మీద సగం దిగాక ఆపమన్నాను. తమ్ముడు బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది, పడవ దాని వెనకే బుద్ధిగా ఆగింది. నేను కట్ట మీద నిలబడి చప్పట్లు కొట్టాను. గేదెలు కాసే ఒక పెద్దాయన ఎందుకో తెలియకపోయినా తనూ కొట్టాడు.

మరుసటి ఏడు వాన మళ్లీ అలాగే వచ్చింది. పొద్దున్నే మొదలై, జనం సర్దుకునేలోపే కాలనీలోకి నీళ్లు తోసుకొచ్చాయి. బావ ముందు జాగ్రత్తగా కారును మా వీధిలో ఎత్తు మీద పెట్టడానికి వచ్చాడు. కారు గట్టెక్కింది, వెనక్కి పోయే దారి మునిగింది. "మరదలా, మీ అక్క..." అంటూ నా ముఖం చూశాడు. అతని కళ్లలో నీళ్లు చూసి నేను తిట్టలేకపోయాను.

"ఎక్కు బావా," అన్నాను.

పడవను తగిలించుకుని జీపు కదలబోతోంది. అమ్మ పరుగున వచ్చి పడవలో దుప్పట్లు, బియ్యం సంచి, స్టవ్వు వేయబోయింది. "ఖాళీగ ఎట్ల పోతరే?" అంది. దుప్పట్లు నా ఒళ్లో పెట్టుకుని తక్కినవి వెనక్కి ఇచ్చేశాను. మా ఇంటి చరిత్రలో ఒక బండి కావాలని ఖాళీగా బయల్దేరడం అదే మొదలు.

రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. కార్లు ఎక్కడికక్కడ ఆగిపోయి ఉన్నాయి. మా తుక్కు జీపు గురగురమంటూ వాటి మధ్యలోంచి పోయింది. దిగుడు దగ్గర బావ సీటు పట్టుకున్నాడు. జీపు నిలకడగా దిగింది. కాలనీ అంచుకు చేరాక తమ్ముడు వెనక్కి నడిపి, ట్రాలీని నీళ్లలోకి దించాడు. పడవ తనంతట తనే తేలింది. అక్కడ నిలబడిన జనం కేకలు వేశారు. నా ఛాతీ ఇంత పొంగింది, ఎందుకు దాచాలి?

లైఫ్ జాకెట్లు తొడుక్కుని వెళ్లాము. బావా తమ్ముడూ తెడ్లు వేస్తున్నారు. అక్క ఇంటి తలుపు దగ్గరికి చేరేసరికి, లోపల మంచం మీద టేబులు, టేబులు మీద కుర్చీ, ఆ మోకాళ్లతో ఎలా ఎక్కిందో గానీ, ఆ కుర్చీలో అక్క కనిపించింది. భయపడుతుందనుకున్నాను. ఆమె మమ్మల్ని చూసి, ఆ తర్వాత పడవ లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది.

"ఏందే, గింత పెద్ద పడవ ఖాళీగ తెచ్చినవ్?"

"నిన్ను ఎక్కిచ్చుకుందామని ఖాళీగ తెచ్చిన అక్కా."

అక్క చేతులు చాచింది. బావ నీళ్లలోకి దిగి ఆమెను ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. నేను దుప్పటి కప్పాను. ఆమె చేతులు ఈసారి వెచ్చగానే ఉన్నాయి. పడవ తిప్పబోతుంటే అక్క నా మోచేయి పట్టుకుంది.

"ఆగు. పక్కింటి ముసలామె, ఆమె కోడలు డాబా మీదున్నరు. ఇంక జాగున్నది కదా. మనింటి బండి ఖాళీగ పోతదా?"

సాయంత్రం దాకా తిరిగాము. ఆ రోజు మా పడవ పోయిన ప్రతిసారీ ఖాళీగానే పోయింది, ఒక్కసారి కూడా ఖాళీగా తిరిగి రాలేదు.