ప్రాక్టీసుకూ ఉండాదా అప్పా?

ఆ మంగళవారం తెల్లవారుజాము నుంచి సన్నగా తుంపర పడుతోంది. అయినా టమాటా కోత ఆపడానికి లేదు. తడిసిన పండు ఇంకో రోజు చెట్టు మీద ఉంటే పగులుతుంది. నేనూ, ఇద్దరు కూలీలూ కోస్తుండగా ఎనిమిది దాటాక బెంగళూరు నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయినాడురా" అంది. కాఫీ తాగి, చెప్పులు వేసుకోబోతూ గుమ్మం దగ్గర కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. మండీ వ్యాను వచ్చి ఉంది. క్రేట్లు ఎక్కించి, కాళ్లు కడుక్కుని, బాగేపల్లిలో బస్సు ఎక్కాను.

కాటన్‌పేట ఇంటికి చేరేసరికి పన్నెండున్నర. బావను హాల్లో పడుకోబెట్టారు. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, ఏడవలేదు. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా తిప్పి అరచెయ్యి చూపించింది. నీలం పెన్నుతో రాసి ఉంది: "పై ఆదివారం. ప్రాక్టీసు అడగాలి." సాయంత్రం స్నానం చేయించినప్పుడు కూడా ఆ అక్షరాలు పూర్తిగా పోలేదు.

ఏది మరిచిపోకూడదో దాన్ని అరచేతిలో రాసుకోవడం ఆయన అలవాటు. పై ఆదివారం మా అమ్మాయి మోటారు సైకిలు పందెం ఉంది. ప్రతి పందేనికీ ముందు నిలబడి ఒక ప్రశ్న అడిగే మనిషి ఆయన. ఆ మనిషి ఇప్పుడు చాప మీద ఉన్నాడు. చావు ఇంట్లో కూర్చుని నేను మొదట ఆలోచించింది ఆయన గురించి కాదు, ఆ ఆదివారం గురించి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

బావ వాళ్లది కాటన్‌పేటలో మూడు తరాల నుంచి నూలు అంగడి నడిపిన కుటుంబం. అంగడి తమ్ముడికి వదిలేసి ఈయన బీమా ఏజెంటు అయ్యాడు. ఎవరైనా పాలసీ తెచ్చిస్తే చివరి పేజీ నుంచి చదివేవాడు. మొదటి పేజీలో ఏమిస్తారో ఉంటుంది, చివరి పేజీల్లో ఎప్పుడు ఇవ్వరో ఉంటుంది. "ముందు పేజీ చూసి సంతోషపడేది రేపు పెట్టుకో. ఇవాళ వెనక పేజీ చదువప్పా" అనేవాడు. అవతలి మనిషి గట్టిగా చదివి వినిపించేదాకా సంతకానికి పెన్ను ఇచ్చేవాడు కాదు. చిక్కపేటలో ఒక చీరల అంగడి ఆయన విసుక్కుని, "నీ దగ్గర పాలసీ తీసుకునేదానికంటే పరీక్ష రాసేది సులభమప్పా" అన్నాడట. ఆ మాట బావే నవ్వుతూ చెప్పేవాడు.

మా అమ్మాయి వాళ్లింట్లో ఉండి ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. తరువాత బండ్లు బాగుచేసే చోట పనికి చేరింది. పందేలు తోలడం అక్కడే నేర్చుకుంది. నగరం అంచున, ఇళ్ల స్థలాలుగా మారడానికి ఎదురుచూస్తున్న పొలాల్లో మట్టి గుట్టలు పోసి, వాటి మీద మోటారు సైకిళ్లు ఎగిరించే పందేలు జరుగుతాయి. ఏడాది పాటు ఆమె అందులో తిరుగుతున్నా నాకు తెలియదు. బావకు తెలుసు.

నాకు చెప్పింది బీమా కంపెనీ. ఊరి చిరునామాకు మా అమ్మాయి పేరున ఒక ఉత్తరం వచ్చింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి ఎరువుల అంగడిలో చదివించుకున్నాను. మీరు మోటారు పందేల్లో పాల్గొంటున్నట్టు ఫారంలో తెలిపారు కనుక మరిన్ని వివరాలు పంపండి అని ఉంది. అంగడి ఆయన కళ్లద్దాలు పైకి తోసి, "ఏమప్పా, మీ పాప పందేలు తోలుతాదా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నా వైపు తిరిగారు. బావ ఫారంలో నిజం రాయించాడు. శాశ్వత చిరునామా అన్నచోట కూడా నిజమే రాయించాడు. ఆ ఉత్తరం ఎవరి చేతికి వస్తుందో మాత్రం ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. కాటన్‌పేటలో మెట్లెక్కుతూనే మొదలుపెట్టాను.

"నాకు చెప్పకుండా కంపెనీకి చెప్పినావా బావా?"

"నీకు చెప్పకపోయింది నా తప్పే. తిట్టప్పా, వింటా" అన్నాడు. "కంపెనీకి చెప్పకపోయింటే ఆ తప్పు పాప మెడకు చుట్టుకునేది."

"మాన్పించేది పోయి ఫారం నింపినావా?"

"ఆర్నెల్లు మాన్పించి చూసినా. నీ చేతనయితే నువ్వు మాన్పించు."

అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మామ నా బండి తాళం దాచిపెట్టినాడు నాయనా. ఇడ్లీ పాత్రలో."

"అందుకా నా ఇడ్లీ పాత్ర అటక మీదికి పోయింది!" అని అక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది. "నేను నెలరోజులు పక్కింటిదాన్ని అనుమానపడినా కదరా!"

నాకు నవ్వు రాలేదు. మాన్పించడం నాకూ చేతకాలేదు. నీ మాటకు మానేస్తానని చెప్తాను, కానీ వారంలో మళ్లీ పోతాను, అబద్ధం కావాలా నిజం కావాలా నాయనా అని అమ్మాయి అడిగింది. అబద్ధం చెప్పమని అడగలేకపోయాను.

మరునాడు నన్ను బస్సు ఎక్కించడానికి నడుస్తూ బావ ఒక సంగతి చెప్పాడు. చాలా ఏళ్ల కిందట వాళ్ల వీధిలోనే ఒక ఇరవయ్యారేళ్లవాడికి ప్రమాద బీమా రాశాడు. వాడు పందేలు తోలేవాడు. వీధి మొదట్లో నిలిపిన పందెం బండిని బావ చూశాడు. ఫారం నింపేటప్పుడు వాడి తల్లి కాఫీ తెచ్చి పక్కనే నిలబడింది. ఆమెకు కొడుకు పందేల సంగతి తెలియదు.

"తల్లి ముందర ఎట్లా అడిగేదప్పా? మర్యాద అనుకున్నా. పని అన్నచోట అంగడి అని రాసినా. ప్రమాదమైన ఆటలు ఆడతావా అని ఉండే చోట లేదు అని నేనే టిక్కు పెట్టినా."

పందెంలో వాడు పోయాడు. బీమా రాలేదు. ఆ తల్లి బావను ఒక్క మాట అనలేదు. ఆయన ప్రతి నెలా వెళ్లి ఆ ఇంట్లో కాసేపు కూర్చునేవాడు. ఆమె ప్రతిసారీ కాఫీ ఇచ్చేది. "తిట్టింటే తాగేవాణ్ణి" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఆ తరువాత పందేలకు నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. పందెం రోజు ఇంటి దగ్గర ఉంటే ధ్యాసంతా అక్కడే, పని జరగదు. మందు కొట్టిన సాలుకే మళ్లీ మందు కొట్టేవాణ్ణి.

అక్కడ ఆయన పద్ధతి చూశాను. మామూలు బీమా పందేలకు పనికిరాదు. పందెం నడిపేవాళ్లు ఆ రోజు కోసం విడిగా ఒకటి తీసుకోవాలి. అదీ కొన్నిసార్లు జెండా ఊపినప్పటి నుంచే మొదలవుతుంది. ఉదయం కొత్త మట్టి మీద బండి పట్టు చూసుకునే ప్రాక్టీసు అందులో ఉండదు. పడేది ఎక్కువగా అప్పుడే. బావ ఏడింటికే గొడుగు, సంచి పట్టుకుని వచ్చి ప్రాక్టీసు దారికి అడ్డంగా నిలబడేవాడు. కాగితం చివరి పేజీ నుంచి చదివి, తోలేవాళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో చూసి, "ప్రాక్టీసుకూ ఉండాదా అప్పా?" అని అడిగేవాడు. లేకపోతే రాయించుకుని వచ్చేదాకా కదిలేవాడు కాదు. తోలేవాళ్లు ఆయనకు బ్రేకు మామ అని పేరు పెట్టారు.

"ఇంజన్లు ఆపండప్పా, బ్రేకు మామ వచ్చినాడు!" అని ఒకడు అరిచేవాడు.

"బ్రేకు లేని బండి యాడిదాకా పోతాదో నాకు తెలుసులే. ఆస్పత్రి దాకా" అనేవాడు బావ.

ఇంతా చేసి ఆయన పందెం చూసేవాడు కాదు. ట్రాకుకు వీపు పెట్టి అంబులెన్సు వైపు తిరిగి నిలబడేవాడు. చూడవా బావా అని మొదటిసారి అడిగాను.

"బండ్లు చూసేదానికి శానామంది ఉండారు. ఆ డ్రైవరు సీట్లో ఉండాడా, టీకి పోయినాడా, అది నేను చూస్తా. నువ్వూ ఇట్లా తిరుగు, గుండెకు మంచిది."

నేనూ తిరిగాను. ఇద్దరం తెల్లటి అంబులెన్సును చూస్తూ, వెనక ఇంజన్ల మోత వింటూ నిలబడేవాళ్లం. మోత ఆగితే వెనక్కి తిరగడానికి ధైర్యం చాలేది కాదు. అందులో మా బండి ఏదో నాకు తెలిసేది కాదు. ఆయనకు తెలిసేది. "మనది దాటిపోయిందప్పా" అని చెప్పేవాడు. అప్పుడు ఊపిరి తీసుకునేవాణ్ణి.

పోయిన ఏడు ఒకరోజు మోత ఆగింది, ఆయన ఏమీ అనలేదు. అమ్మాయి ప్రాక్టీసులోనే పడింది. భుజం దగ్గరి ఎముక విరిగింది. బావ ముందు చేసిన పని జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో టైము రాసుకోవడం. నాకు ఒళ్లు మండింది. పిల్ల అక్కడ మట్టిలో ఉంటే ఈయనకు రాత కావాల్సి వచ్చింది అనుకున్నాను. అంబులెన్సులో ఎదురుగా కూర్చున్నాక ఆ చెయ్యి చూశాను. ఎనిమిదీ పది అనే అంకెలు వంకరటింకరగా, వేళ్ల దాకా జారిపోయి ఉన్నాయి. ఆస్పత్రిలో ఎన్ని గంటలకు పడిందని అడిగితే చెప్పగలిగింది ఆయన ఒక్కడే. తరువాత కంపెనీవాళ్లూ అదే అడిగారు. ఆ రోజు కాగితంలో ప్రాక్టీసు కూడా ఉంది కాబట్టి ఆపరేషను మాకు భారం కాలేదు.

"ఎప్పుడు పడతారో ఎవరికీ తెలీదు. పడినాక ఏమడుగుతారో తెలుసు కదప్పా. తెలిసింది చేద్దాం" అని ఆ రోజు అన్నాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇదే.

పదకొండో రోజు శుక్రవారం పడింది. కార్యం అయ్యాక అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఎల్లుండి పోతాదా పాప?"

"పోతానంటాది."

"అయితే ఇది పట్టుకుపోరా" అని బావ గొడుగు చేతికిచ్చింది. పోవద్దని చెప్పమని అనలేదు.

ఆదివారం ఏడింటికి ఆయన నిలబడే చోట నిలబడ్డాను. పద్నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి. ఆ ఏటికి అది ఆఖరి పందెం. పాయింట్ల లెక్కలో మా అమ్మాయి రెండో స్థానంలో ఉంది. ప్రాక్టీసు చెయ్యనివాళ్లను పందెంలోకి రానివ్వరు. ఇవన్నీ నాకు తెలుసు. నన్ను చూసి ఎవరూ అరవలేదు. ఒకడు హెల్మెట్ తీసి తల వంచాడు.

పందెం నడిపే కుర్రాయన ఫోన్లో పాలసీ చూపించాడు. "పక్కా ఉంది సార్, చూడండి." నేను చివరి పేజీకి తిప్పమన్నాను. అక్షరాలు చిన్నవి, నా కంటికి ఆనలేదు. అమ్మాయి బండి దిగి వచ్చి చదివింది. పందెం జరుగుతున్న సమయంలో మాత్రమే అని ఉంది.

"ప్రాక్టీసుకు లేదు" అంది.

"ఆఫీసుకు చెప్పినాను. వస్తుంది. ఈరోజు ఆదివారం కదా, స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అని కన్నడంలో కాస్త సర్దుకోమన్నాడాయన. మాటలో చెడు ఏమీ లేదు. ఎండెక్కక ముందే మొదలుపెట్టాలనే తొందర, అంతే. రెండు గంటలకు పైగా ఆగాం. ఫోన్ చేశాడు, మళ్లీ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదిన్నరకు, "బ్రేకు మామ ఉన్నా ఇంతసేపు ఆపేవారు కాదు సార్" అన్నాడు.

"మామ ఉండింటే ఈ పని నిన్నే అయిపోయుండేది" అంది అమ్మాయి.

ఆమె నా వైపు చూసింది. ఆమె తోలకూడదని నా మనసు కోరుకుంటోంది. రెండేళ్ల కష్టం ఇక్కడ ఆగిపోకూడదని కూడా కోరుకుంటోంది. ఇలాంటప్పుడు ఆయనైతే ఏం మాట్లాడేవాడో నాకు తట్టలేదు. గొడుగు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడటం తప్ప నాకు ఏమీ రాలేదు. నిర్వాహకుడు మర్యాదగా నా పక్క నుంచి ఇంకో దారి తెరిపించాడు. అందరూ, మా అమ్మాయి కూడా, బండ్లెక్కి ఇంజన్లు మోగించారు. ఒక్కొక్క బండి ఆ దారిలో లోపలికి పోయింది.

అమ్మాయి విరిగి అతికిన భుజాన్ని ఒకసారి తడుముకుంది. ఇంజన్ ఆపింది. ఆమె వెనక ఇంకో రెండు ఇంజన్లు ఆగాయి. వాళ్లు ఎందుకు ఆపారో నేను అడగలేదు.

పదకొండు బండ్లు ట్రాకు మీద తిరగసాగాయి. నేను వాటికి వీపు పెట్టి నిలబడ్డాను. అంబులెన్సు డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. జేబులో పెన్ను ఉంది. ఎడమ అరచేతిలో టైములు రాసుకున్నాను. మా అమ్మాయి బండి తోసుకుంటూ గేటు దాటింది, తొమ్మిదీ నలభైకి. మిగిలిన ఇద్దరూ కలిసి వెళ్లారు, తొమ్మిదీ యాభైకి.